ముందు చక్రానికి రాగిసంగటి వైద్యం

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ రోజుల్లో నాకైతే అసలే లేదు. బంగారు గనులు గవర్నమెంటు చేతికి వచ్చి చాలా ఏళ్లయినా మా చాంపియన్ రీఫ్స్ గని లైన్లలో, అంటే పనివాళ్ల ఇళ్ల వరసల్లో, అందరూ ఇంకా 'కంపెనీ' అనే అనేవారు. ఆ కంపెనీ వర్క్‌షాపులో నేను అప్రెంటిసుగా చేరి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో నాకు అప్పజెప్పిన పనులు ఏమిటంటే, తుప్పు పట్టిన బోల్టులను కిరసనాయిలులో కడగడం, మేస్త్రి టీ తాగిన గ్లాసు కడగడం, పొరబాటున గ్లాసును కిరసనాయిలులో కడిగిన రోజున తిట్లు తినడం. కానీ సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ నేను మాట్లాడే తీరు వింటే, గని షాఫ్టు మీద తిరిగే ఆ పెద్ద చక్రాలు నా చేతి చలవతోనే తిరుగుతున్నాయని ఎవరైనా అనుకోవలసిందే. మా అమ్మ అట్లాగే అనుకునేది. మా నాయన మాత్రం అనుకునేవాడు కాదు.

నాయన మిల్లులో పనిచేసేవాడు. లోపలి నుంచి వచ్చిన రాయిని పిండి చేసి, అందులోంచి బంగారం తీసి, మిగిలిన పిండిని దిబ్బ మీదికి తోలేసే చోటు అది. ఇరవై రెండేళ్లు ఆ యంత్రాల రొదలో నిలబడ్డవాడు కాబట్టి ఇంట్లో మాట్లాడడం మీద ఆయనకు పెద్ద నమ్మకం ఉండేది కాదు. ఏదైనా చెప్పాల్సి వస్తే ముందు మన మొహం చూసేవాడు, తర్వాత గోడ చూసేవాడు, ఆ తర్వాత రెండు ముక్కలు చెప్పేవాడు. ఆయనకున్న ఒకే ఒక్క విలాసం మోటార్‌సైకిల్. రిటైరై ఊరు వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర కొన్నది. నల్ల ట్యాంకు, వెడల్పాటి సీటు. ఆదివారం పొద్దున దాన్ని కడిగే శ్రద్ధతో నా చెవుల వెనక కడిగి ఉంటే నేను ఇంకో రెండు ఛాయలు తేలేవాణ్ణని అమ్మ అంటూ ఉండేది. నెలకొకసారి, సంకటహర చవితి రోజున, ఆ బండి మీద అమ్మను కూర్చోబెట్టుకుని కురుడుమలె వినాయకుడి గుడికి తీసుకుపోయేవాడు. అమ్మ గరిక, కొబ్బరికాయ ఉన్న బుట్ట ఒళ్లో పెట్టుకుని, పక్కకు తిరిగి కూర్చుని, లైను దాటేదాకా ఎడమవైపు ఇళ్లనూ, రోడ్డెక్కాక ఆకాశాన్నీ చూస్తూ పోయేది. రోజంతా ఉపవాసం. నెలకు ఆమె ఊరు దాటే ప్రయాణం అదొక్కటే.

ఒక చవితి రోజున ఆ ప్రయాణం సగంలో ఆగిపోయింది. బేత్‌మంగలం దాటి ముళబాగిలు రోడ్డు మీద నాయన కాస్త వేగం పెంచేసరికి హ్యాండిల్ వద్దు వద్దన్నట్టుగా తల అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టిందట. అమ్మకు ముందు భయం వేయలేదు. మా లైన్లలో భూమి కింద రాయి పగిలితే ఇళ్లలో సామాన్లు గలగలమనడం ఆమెకు అలవాటే; అల్మారాలో గ్లాసులు ఊగితే కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని మాట కొనసాగించే మనిషి. ఇక్కడిదాకా కూడా గని తవ్వేశారా అనుకుందట. ఊగుతున్నది భూమి కాదు, తాను కూర్చున్న బండేనని తెలిశాక మాత్రం కొబ్బరికాయ రోడ్డు మీద, గరిక కాలువలో పడ్డాయి. అదృష్టం బాగుండి మనుషులు ఎవరూ పడలేదు. ఆమె దిగింది. మళ్లీ ఎక్కలేదు. అటుగా వచ్చిన బస్సులో ఒక్కతే ఇంటికి వచ్చేసింది. వెనకాలే ఖాళీ సీటుతో నాయన వచ్చాడు.

ఆ సాయంత్రం అమ్మ చంద్రుణ్ణి చూసి, రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, ఎవరి మీదా కోపం లేని గొంతుతో చెప్పింది: "ఇంగ నేను ఆ బండి ఎక్కను. బస్సులో వస్తే వినాయకుడేమీ వద్దనడు."

నాయన నా మొహం చూశాడు. గోడ చూశాడు. "మీ అమ్మ ఎక్కని బండి నాకెందుకు? వచ్చే చవితి దాకా చూస్తా. ఆ దినం ఎక్కితే బండి ఉంటాది. లేకుంటే బేత్‌మంగలం ఐవారికి ఇచ్చేస్తా" అన్నాడు.

బేత్‌మంగలం ఐవారు అంటే అక్కడి బడిలో పాఠం చెప్పే పెద్దమనిషి. మా బండిని ఎక్కడ చూసినా ఆగి, సీటు మీద చెయ్యి వేసి, దూడ వీపు నిమిరినట్టు నిమిరి పోయేవాడు. అమ్ముతాననడమే ఆలస్యం, మరునాడే వచ్చి తోలుకుపోతాడు. నాకు గుండెలో రాయి పడింది. ఎందుకంటే నా ఉద్యోగం పర్మనెంటు అయిన రోజున ఆ బండి నాదేనని నాయన ఒకసారి అన్నాడు. (అన్నాడని నేను అనుకుంటున్నాను. నిజానికి నేను అడిగితే ఆయన గోడ చూశాడు, కాదనలేదు.) దాన్ని నమ్ముకుని వర్క్‌షాపులో నలుగురితో 'మా బండి' అనడం మానేసి 'నా బండి' అనడం మొదలుపెట్టి అప్పటికే రెండు నెలలు. అందుకే ఛాతీ విరుచుకుని, చక్రం బ్యాలెన్సు తప్పింది, నెల రోజుల్లో నేను సరిచేస్తాను అని ప్రకటించేశాను. అమ్మ సంతోషించింది. నాయన లేచి వెళ్లి పడుకున్నాడు.

బ్యాలెన్సు గురించి నాకున్న జ్ఞానం ఎక్కడిదో చెప్పాలి. గనిలోకి గాలి పంపే పెద్ద ఫ్యాను రెక్కల చక్రాన్ని ఒకసారి మా మేస్త్రి బ్యాలెన్సు చేస్తుంటే చూశాను. రెండు ఇనుప పట్టాల మీద ఇరుసు ఆనించి, చక్రాన్ని మెల్లగా తిప్పి వదిలేవాడు. బరువు ఎక్కువున్న వైపు దానంతట అది కిందికి వచ్చి ఆగుతుంది. అక్కడ సుద్దతో గీత గీసి, దానికి సరిగ్గా ఎదురుగా పైవైపున కొంచెం బరువు తగిలించి మళ్లీ తిప్పాలి. ఎక్కడ వదిలితే అక్కడే నిలబడేదాకా అట్లా చేస్తూ పోవాలి. అంతే విద్య. ఆయన అది చేస్తున్నంతసేపూ నేను పక్కన టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. అంత దగ్గర్నుంచి చూశాక ఇక నేర్చుకోవడానికి ఏం మిగిలింది?

మరునాడు నాయన మొదటి షిఫ్టు ముగించి వచ్చిన తర్వాత ముందు చక్రం ఊడదీశాను. వరండాలో రెండు స్టూళ్లు ఎదురెదురుగా వేసి, వాటి మీద ఇరుసు రెండు కొసలూ ఆనించాను. స్టూళ్లు సమంగా ఉన్నాయో లేదో చూడడానికి అమ్మ పూజ పళ్లెం తెచ్చి నీళ్లు పోసి పెట్టాను. ఒక స్టూలు కాలు కింద వారపత్రిక మడిచి పెడితే నీళ్లు కుదురుకున్నాయి. చక్రాన్ని మెల్లగా తిప్పి వదిలాను. అది తిరిగి, ఊగి, ఒకచోట ఆగింది. మళ్లీ తిప్పాను. మళ్లీ అక్కడే ఆగింది. గీత గీసిన క్షణంలో నాకు నా మీద కలిగిన గౌరవం తర్వాత ఎన్నడూ కలగలేదు. ఇక ఎదురుగా తగిలించడానికి బరువు కావాలి. సరైన బరువు ఎంతో తెలిసేదాకా కొంచెం పెంచడానికీ తుంచడానికీ వీలుగా, ఊచకు అతుక్కునే మెత్తటి పదార్థం ఏదైనా ఉండాలి. వంటింట్లోకి చూశాను. పొద్దుటి రాగిసంగటి ముద్ద ఒకటి మూత కింద ఉంది.

అది చూసి అమ్మ నొచ్చుకుంది. అన్నం పెట్టే చేత్తో చక్రానికి పెడతావా అంది. ఇది పరీక్ష కోసమేనని, బరువు తేలాక దాన్ని తీసేసి అంత బరువు సీసం తీగ చుడతానని శాస్త్రీయంగా వివరించాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, అయితే ఉప్పు లేని సంగటి వాడమంది. ఉప్పుంటే ఇనుము తుప్పు పడుతుందని ఆమె భయం. (మా ఇంట్లో ఇంజనీరింగు బుర్ర ఎవరిదో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.) ఆ సాయంత్రం నిమ్మకాయంత సంగటి అతికించేసరికి చక్రం ఎక్కడ వదిలితే అక్కడ నిలబడింది. పాత ఇనుప సామాన్ల దుకాణంలో కొన్న సీసం తీగను అదే బరువుకు తుంచి, ఆ ఊచకు చుట్టి, చక్రం బిగించేశాను. మరునాడు నాయన దాని మీదే డ్యూటీకి పోయాడు. సాయంత్రం గేటు దగ్గరే నిలబడి ఎట్లా ఉందని అడిగాను.

"ఊగుతా ఉండాది" అన్నాడు.

చక్రం మళ్లీ విప్పి స్టూళ్ల మీద పెట్టాను. ఆశ్చర్యం ఏమిటంటే నిన్న గీత గీసిన చోట కాదు, దానికి జానెడు దూరంలో ఆగింది. లెక్క తప్పింది నేనే అయ్యుంటానని ఇంకో చుట్ట సీసం చుట్టాను. మరునాడు, "నిన్నటికంటే బాగా ఊగుతా ఉండాది" అన్నాడు. మూడో రోజు బరువు ఇంకోచోటికి పోయింది. చక్రంలో బరువు రోజుకొక చోటికి కాపురం మారుస్తోంది. అట్లా ఎందుకు జరుగుతుందో ఆలోచించకుండా, నిన్నటి నా పనిని ఎవరు చెడగొట్టారా అని ఆలోచించడం మొదలుపెట్టాను. మొదటి అనుమానం సంగటి మీద. తూచేలోపల ఆరిపోయి తేలికైపోతోందేమోనని తడిగుడ్డ కప్పి తూచాను. రెండో అనుమానం పక్కింటి కోడి మీద. నేను స్పానరు కోసం లోపలికి వెళ్లి వచ్చేసరికి అది స్టూలెక్కి, పరీక్ష బరువును సగం తినేసి, మిగతా సగం గురించి ఆలోచిస్తూ కనిపించింది. మూడోది భూమి మీద. ఒక సాయంత్రం చక్రం తిరిగి తిరిగి ఆగబోయే సమయంలో కింద ఎక్కడో రాయి పగిలి, ఇల్లు అదిరి, పూజ పళ్లెంలో నీళ్లు వణికి, చక్రం ఇంకో అరచుట్టు తిరిగింది. ఇట్లాంటి ఊళ్లో ఎంతటి ఇంజనీరైనా ఏం చేయగలడు?

రెండు వారాలు గడిచేసరికి మా వరండా ముందు సాయంత్రం పూట జనం కూడడం మొదలైంది. షిఫ్టు దిగినవాళ్లు ఇంటికి పోయే ముందు ఒక అయిదు నిమిషాలు మా గోడకు ఆనుకుని నిలబడి, ఈరోజు ఎక్కడ ఆగుతుందో పందెం వేసుకుని పోయేవారు. నాకు సంగటి మెకానిక్ అని పేరు పెట్టారు. ఎదురింటి అవ్వ ఒకతి, ఇంకా పెళ్లి కాని పిల్లవాడు ఇట్లా రోజూ చక్రం ముందు కూర్చోవడం మంచిది కాదు, దిష్టి తీయించమని అమ్మకు చెప్పింది. చక్రానికి మాత్రం తొమ్మిది చుట్ల సీసం చేరింది. జాతరలో అమ్మవారి చేతికి కూడా అన్ని గాజులు ఉండవు. నాయన రోజూ ఆ గాజుల చక్రంతోనే డ్యూటీకి పోయి, రోజూ ఒక ముక్క చెప్పి, స్నానానికి పోయేవాడు. ఒకరోజు మాత్రం రెండో ముక్క కూడా చెప్పాడు: ముందు టైరులో గాలి నిలబడడం లేదు, పొద్దున కొట్టింది సాయంత్రానికి సగమవుతా ఉండాది అని. వాల్వు పాతదైంది నాయనా, అన్నాను. ఆయన నా మొహం మామూలుకంటే కాస్త ఎక్కువసేపు చూశాడు.

చివరికి సిగ్గు విడిచి మా మేస్త్రిని అడిగాను. ఆయన తమిళుడు, తెలుగు ఆయన నోట్లో కొంచెం వంగి వచ్చేది. నేను చెప్పిందంతా, సంగటితో సహా, నవ్వకుండా విని, గ్లాసు కింద పెట్టి, "టైరు విప్పి చూసినావా తంబీ?" అని అడిగాడు. చూడలేదన్నాను. "చక్రం విప్పినావు, బేరింగు విప్పినావు, టైరు మాత్రం ఎందుకు విప్పలేదు?" అన్నాడు. నేను టీ గ్లాసు తీసుకుని కడగడానికి వెళ్లిపోయాను.

టైరు ఎందుకు విప్పలేదో ఇక మీకైనా చెప్పక తప్పదు. ఇదంతా మొదలవడానికి వారం ముందు, నాయన రెండో షిఫ్టుకు కంపెనీ లారీలో పోయిన ఒక మధ్యాహ్నం, నేను ఆయనకు చెప్పకుండా బండి తీసుకుపోయాను. ఆ బండి ఎప్పటికైనా నాదే కాబట్టి ముందుగా నేర్చుకుంటే తప్పేమిటని నా వాదం. చెట్టూ మనిషీ అడ్డం రాని బయలు చోటు ఎక్కడా అని చూస్తే మా ఊళ్లో ఉన్నవి దిబ్బలే. మిల్లు పిండి ఏళ్ల తరబడి పోసి పోసి కొండలైనవి. ఎక్కాను, తిరిగాను, రాజులాగా ఒక చుట్టు చుట్టాను. రెండో చుట్టులో ముందు టైరు ముల్లెక్కి కూర్చుంది. సీటు కింద నాయన పెట్టుకున్న పంక్చరు సామాను ఉంది, చుట్టుపక్కల చూసేవాళ్లు లేరు. అక్కడే చక్రం విప్పి, ట్యూబు తీసి, గీకి, సొల్యూషన్ పూసి, ప్యాచ్ అతికించాను. పంక్చరు అంగడివాడు చేసేవన్నీ వరసగా చేశాను. ట్యూబు టైరుకు అంటుకోకుండా చివర్లో వాడు పౌడరు చల్లుతాడే, అది కూడా మరిచిపోలేదు. ఆ టైరులో ప్యాచ్‌లు ఎన్నున్నాయో, ఏది ఎప్పుడు వేసిందో నాయనకు నోటికి వచ్చు. విప్పితే కొత్తది కనబడుతుంది. అందుకని చక్రం మొత్తానికి సీసం పూత పూయించమన్నా పూయించేవాణ్ణి కాని టైరు మాత్రం విప్పేవాణ్ణి కాను.

చవితి ఆదివారం పడింది. ముందురోజు శనివారం. ఐవారు ఆ మధ్యాహ్నమే సైకిల్ మీద వచ్చి, సీటు నిమిరి, రేపు సాయంత్రం వస్తానని అమ్మతో చెప్పి పోయాడు. ఆమె ఆయనకు మజ్జిగ ఇచ్చింది. పొద్దున ఎన్నింటికి బస్సు ఉందో కూడా ఆయన్నే అడిగి తెలుసుకుంది. నేను స్టూళ్ల మధ్య చక్రం ముందు కూర్చుని పదో చుట్ట చుడుతున్నాను. నిజం చెప్పాలంటే కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. షిఫ్టు నుంచి వచ్చిన నాయన, లోపలికి పోకుండా నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. టైరు విప్పు అన్నాడు. వద్దులే నాయనా, అన్నాను. ఆయన రెండు చదును స్పానర్లు తీసుకుని తానే అంచు కింద పెట్టి లేపాడు.

టైరు అంచు పైకి లేవగానే లోపలి నుంచి సన్నగా, చప్పుడు లేకుండా, బూడిదరంగు పిండి జారడం మొదలుపెట్టింది. ఆగలేదు. అమ్మ ఊడ్చి ముగ్గు వేసిన వరండాలో పెద్ద కుప్పే అయింది. నాయన ట్యూబు వైపు చూడనే లేదు. వేలితో ఆ కుప్పను అలవాటు కొద్దీ సాపు చేసి, మిల్లులో శాంపిల్ తీసేటప్పుడు చేసినట్టు నాలుగు భాగాలుగా గీత గీసి, ఒక భాగంలోంచి చిటికెడు తీసి బొటనవేలుతో నలిపాడు.

"ఇది మన దిబ్బ గాదు" అన్నాడు. "కోరమండల్ గనిది. మనది ఇంగా గరుకు. యాడ కూర్చుని వేసినావు పంక్చరు?"

ఇరవై రెండేళ్లు పిండిని చూసిన మనిషి ముందు అబద్ధం చెప్పాలంటే నాకు ఇంకో పుట్టుక కావాలి. దిబ్బ పైన, అన్నాను.

"బండి దిబ్బ ఎక్కిందా?"

"ఎక్కింది నాయనా."

ఆయన చాలాసేపు గోడ చూశాడు. నేను చెంప సిద్ధం చేసుకున్నాను.

"ఏ గేర్లో ఎక్కించినావు?"

"సెకండ్లో."

"ఫస్టులో ఎక్కించాల్సింది" అన్నాడు. తర్వాత కుప్పను చూపించి ఇంత ఎట్లా చేరిందని అడిగాడు. పౌడరు లేకపోయింది, చుట్టూ చూస్తే ఇదే కుటికూర పౌడరంత మెత్తగా కనిపించింది, రెండు దోసిళ్లు చల్లాను అని చెప్పాను. ఆయన చటుక్కున గోడవైపు తిరిగిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను భయపడిపోయాను, బండి పోతుందన్న బాధకు ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. మా నాయన నవ్వితే ఎట్లా ఉంటుందో నేను చూడడం అదే మొదటిసారి, అది కూడా వెనక నుంచి.

అసలు జరిగింది ఇదీ. నా ప్యాచ్ కింద కూడా నాలుగు రేణువులు ఇరుక్కుని గాలి సన్నగా పోతోంది. గాలి తగ్గి ట్యూబు వదులైనప్పుడల్లా, నాయన రోడ్డు మీద పోతుంటే, లోపలి పిండి తనకు నచ్చిన చోటికి జరిగి కూర్చుంటోంది. నేను సాయంత్రం దానికి ఎదురుగా సీసం చుట్టి మురిసిపోవడం, మరునాడు అది ఇంకోచోటికి పోవడం. నెలరోజులు నేను బ్యాలెన్సు చేసింది చక్రాన్ని కాదు, కోరమండల్ దిబ్బను. అలికిడికి అమ్మ బయటికి వచ్చి, ఏమిటీ మట్టి అని అడిగింది. రోడ్డు మట్టి, దారిలో చేరింది అన్నాడు నాయన, నావైపు చూడకుండా. ఆమె లోపలికి పోగానే చెంబెడు నీళ్లు పోసి ఆ కుప్పను కాలువలోకి తోసేశాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఇంట్లో ఆ దిబ్బ గురించి తెలిసినవాళ్లం ఎప్పటికీ ఇద్దరమే ఉంటామని.

ట్యూబు కడిగాం. నా ప్యాచ్ పీకి ఆయన కొత్తది వేశాడు. పౌడరు అనగానే నేను అంగడికి పరుగెత్తబోతే ఆయనే అల్మారా దగ్గరికి నడిచి, అమ్మ పండగలకు మాత్రమే తీసే పౌడరు డబ్బా తెచ్చి నాలుగుసార్లు దులిపాడు. టైరంతా పెళ్లింటి వాసన వచ్చింది. సీసం గాజులన్నీ విప్పేశాం. చక్రాన్ని స్టూళ్ల మీద పెట్టాక, చెయ్యమన్నట్టు తల ఊపి, తాను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తిప్పాను, ఆగిన చోట గీశాను, తిప్పాను, మళ్లీ అక్కడే. రేగుపండంత సంగటి చాలింది. దానికి సరిపడా ఒక్క చుట్ట సీసం. ఆ తర్వాత గీతను పైన పెట్టి వదిలాను, నిలబడింది. పక్కన పెట్టి వదిలాను, నిలబడింది. కింద పెట్టి వదిలాను, కదల్లేదు. నాయన లేచి వచ్చి తానూ ఒకసారి తిప్పి, అది మెల్లగా తిరిగి తిరిగి తనకిష్టమైన చోట ఆగేదాకా చూసి, చేతులు కడుక్కోవడానికి పోయాడు. బాగుందని అనలేదు. అంటాడేమోనని నేను చీకటిపడేదాకా ఆయన చుట్టూ తిరిగాను.

చవితి పొద్దున అమ్మ తలస్నానం చేసి, బుట్టతో బస్టాండుకు బయలుదేరి వాకిట్లోకి వచ్చేసరికి నాయన బండి స్టార్టు చేసి కూర్చుని ఉన్నాడు. ఆమె మెట్టు మీదే ఆగిపోయింది. బండి వైపు, నావైపు, మళ్లీ బండి వైపు చూసింది. బాగైంది, రా అన్నాడు నాయన.

"ఎవరు చేసినారు?" అంది.

నేను నోరు తెరిచాను. ఆ మాట కోసమే కదా నెల రోజులు.

"నేను" అన్నాడు నాయన.

అమ్మ ఇంకా కదల్లేదు. "వీడేమీ ముట్టలేదు కదా?"

"ముట్టలేదు."

ఆమె వచ్చి, బుట్ట ఒళ్లో పెట్టుకుని, ఎప్పటిలాగే పక్కకు తిరిగి కూర్చుంది. అంతే. బండి లైను చివర మలుపు తిరిగిపోయింది. ఇంత అన్యాయాన్ని ఎవరితో చెప్పుకోను? చెప్పుకుంటే దిబ్బ బయటికి వస్తుంది. మెట్ల మీద కూర్చుండిపోయాను. కాసేపటికి ఆ అన్యాయం సంగతి మరిచిపోయి అసలు భయం పట్టుకుంది. నా చుట్ట ఊడితే? బేత్‌మంగలం దాటాక మళ్లీ ఊగితే? ఆమె కూర్చున్నది ఆయన మాట మీద, ఆయన ఆ మాట చెప్పింది నా చక్రం మీద. ఆ రోజు నేను అన్నం తినలేదు. అమ్మ ఉపవాసం, నాది కూడా అట్లా కలిసిపోయింది. ఎదురింటి అవ్వ చూసి, దిష్టి తీయించమని అప్పుడే చెప్పినాను కదా అంది.

ఎండ తగ్గుతున్న వేళకు బండి చప్పుడు వినిపించింది. మలుపు దగ్గర కనబడింది. మామూలుకంటే చాలా మెల్లగా వస్తోంది. ఏదో అయిందనుకుని లేచి నిలబడ్డాను. దగ్గరికి వచ్చాక చూస్తే మా అమ్మ నిద్రపోతోంది. బుట్ట మోచేతికి వేలాడుతోంది, చెంప ఆయన వీపుకు ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, చంటిపిల్లలాగా నిద్రపోతోంది. ఒక చెయ్యి ఆయన నడుం చుట్టూ ఉంది. జారిపోకుండా ఆ చేతిని నాయన తన ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. క్లచ్చి పట్టాల్సిన చెయ్యి అది. హ్యాండిల్ మీద ఉన్నది ఒక్క కుడిచెయ్యే. అయినా హ్యాండిల్ ఊగలేదు. మా లైన్లలో మొగుడూ పెళ్లాం వీధిలో పక్కపక్కన నడవడం కూడా అరుదు. గోడల దగ్గర పందెంరాయుళ్లు నిలబడి చూస్తున్నారు. ఐవారు కూడా అప్పటికే వచ్చి, సైకిల్ పట్టుకుని, వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. నాయన అందర్నీ చూశాడు. చెయ్యి మాత్రం తీయలేదు, మా మెట్ల దగ్గర బండి ఆపాల్సి వచ్చేదాకా. ఐవారు ఇక సీటు నిమరలేదు. వినాయకుడి ప్రసాదం తీసుకుని, చాలా మర్యాదగా, బండి గురించి ఒక్కమాట అడక్కుండా సైకిలెక్కి పోయాడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అమ్మ ఇంటికి వచ్చినవాళ్లకు మా ఆయన చేతిలో ఏముండాదో, ఒక్క సాయంత్రంలో చక్రాన్ని సరి చేసినాడు, వీడు నెల దినాలు సంగటి పాడుచేసినాడు అని చెప్పేది. నేను పక్కనే కూర్చుని తల ఊపేవాణ్ణి. నాయన గోడ చూసేవాడు. నాకు మాత్రం లోపల ఒక గర్వం ఉండేది. ఆమెను అంత హాయిగా నిద్రపుచ్చింది నా చక్రమని, రేగుపండంత సంగటి లెక్క అంత సరిగ్గా కుదిరిందని. నాకూ పెళ్లయి, నా వెనక సీటులో కూడా ఒక మనిషి ఎన్నో ఏళ్లు కూర్చున్న తర్వాత ఈ మధ్య నాకు అనుమానం వస్తోంది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టని మనిషి ఆమె, ముప్పై మైళ్ల ఎండ అది, పైగా 'నేను' అన్న ఆ ఒక్క మాట. చక్రం ఇంకా కొంచెం ఊగుతూ ఉన్నా ఆమె ఆ వీపు మీద నిద్రపోయేదేనేమో. అయినా మెట్ల మీద పొద్దుటి నుంచి తిండి లేకుండా నిలబడి, కళ్లు తుడుచుకుంటూ, అదంతా తన ప్రతాపమే అనుకుంటున్న ఆ సంగటి మెకానిక్‌కు ఈ అనుమానం చెప్పడానికి మాత్రం నాకు ఇప్పటికీ మనసొప్పదు.